పాఠంలో లేనిది

జనవరి 11

అన్నయ్యకు,

బుడంకాయ క్షేమంగా చేరిందని లారీ ఆయనతో కబురు పంపాను, అందే ఉంటుంది. ఈ ఉత్తరమూ ఆయన చేతికే ఇస్తున్నాను. ఫోన్లు ఎప్పుడు పలుకుతాయో తెలియదు. పలికినా ఇద్దరం ఏడ్చి పెట్టేస్తాం, విషయం తెగదు.

ముందు మంచి మాటలు. నీ కూతురికి పద్నాలుగేళ్ళకే నాకంటే బెత్తెడు ఎత్తు వచ్చేసింది. ఇంకా బుడంకాయ అని పిలవడానికి నాకే సిగ్గుగా ఉంది. పక్కగదిలో నా ఎండుమొక్కల అట్టలన్నీ తీసేసి మంచం వేశాను. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేదాని ఇంట్లో ఇంకేముంటాయి, మనిషికి చోటు చెయ్యాలంటే మొక్కలే కదలాలి. బూట్లు వేసుకునే పడుకుంటోంది. విప్పమని అడగాలో వద్దో తేల్చుకోలేక ఊరుకున్నాను. దువ్వెన నెత్తిమీదకి వస్తే తల లాగేసుకుంటోంది. బడిలో చేర్చుకున్నారు. శరణు కోరిన పిల్లకి తీర్పు వచ్చేదాకా కూడా చదువు ఆపకూడదని ఇక్కడి చట్టం.

ఇప్పుడు అసలు సంగతి. మొన్న శరణు కార్యాలయంలో తొలి విచారణ జరిగింది. బాగా జరగలేదు.

చిన్న గది. గోడకి ఏనుగు బొమ్మ, బల్లమీద రంగు పెన్సిళ్ళు. పిల్లలు బెదరకుండా అలా పెడతారట. అధికారి మర్యాదస్తుడే. పక్కన దుబాసీ ఆయన, ఇటువైపు మేము పెట్టుకున్న వకీలమ్మ, వెనక కుర్చీలో నేను. "ఎందుకొచ్చావమ్మా ఇక్కడికి?" అని అడిగాడు. మన పిల్ల లేచి నిలబడింది. చేతులు కట్టుకుంది. "మా నాన్నగారు పాఠశాలలో ప్రధానోపాధ్యాయులు. తుపాకులు ధరించినవారు మా పాఠశాలను మూసివేయమని మా నాన్నగారిని బెదిరించారు" అని ఎత్తుకుని, గుక్క తిప్పుకోకుండా చివరిదాకా వచ్చింది. నువ్వు నేర్పావని మొదటి వాక్యానికే తెలిసిపోయింది. నాన్న మనల్ని గోడ దగ్గర నిలబెట్టి ఒప్పజెప్పించుకున్న పద్ధతే. ఒక్క తప్పు లేదు.

అధికారి మధ్యలో ఆపి, "వాళ్ళొచ్చినప్పుడు బడి తలుపు తెరిచి ఉందా, వేసి ఉందా?" అన్నాడు. పిల్ల ఒక్క క్షణం ఆగి, "మా నాన్నగారు పాఠశాలలో ప్రధానోపాధ్యాయులు" అని మళ్ళీ మొదటికొచ్చింది. ఏడార్లెంతరా అంటే ఏడొకట్ల ఏడు నుంచి ఎత్తుకునేవాళ్ళం చూడు, అలాగ. ఏ ప్రశ్న వేసినా అదే దారి, అవే మాటలు.

"ఎవరో నేర్పిన మాటలు" అని రాసుకున్నాడు. ఇలాగే ఉంటే అర్జీ కొట్టేస్తారని, పిల్లని వెనక్కి పంపేస్తారని వకీలమ్మ చెప్పింది. బతిమాలి, వాదించి, ఇంకొక్క విచారణకి ఒప్పించిందామె. ఆ లోపల పిల్ల తన మాటల్లో చెప్పడం నేర్చుకోవాలి. నేర్చుకోవడం కాదేమో, నేర్చింది వదిలిపెట్టాలి. నేను చెబితే వినదు. "నాన్న మార్చొద్దన్నారత్తా" అంటుంది. నువ్వొక్క ముక్క రాయి, ఆ పాఠం ఇక అక్కర్లేదని.

వదినని దిగులు పడొద్దను. ఇలా రాసి నేనే దిగులు పెట్టానా? తిరగరాసే ఓపిక లేదు, పంపేస్తున్నా.

నీ చెల్లి


జనవరి 29

చెల్లాయికి దీవెనలు.

తప్పు లేకుండా చెప్పినందుకు తప్పుపట్టే చోటు ఒకటుంటుందని ఈ వయసులో తెలుసుకున్నాను. నా ఉద్యోగమంతా తడబడే పిల్లల్ని అనుమానించాను గానీ తడబడని పిల్లని ఏనాడూ అనుమానించలేదు.

సరే, వాళ్ళ పద్ధతి వాళ్ళది. పిల్లకి ఇలా చెప్పు. నెమ్మదిగా మాట్లాడాలి. మధ్యలో ఆగి నీళ్ళు తాగాలి. 'నాన్నగారు' బదులు 'నాన్న' అనమను, చేతులు కట్టుకోవద్దను. అంతవరకే. ఏదీ కలపకూడదు. ఉన్నది చాలు, లేనిది ఎవరికీ అక్కర్లేదు.

ఇంకో దారి కూడా తట్టింది. ఆమె నీ కూతురే అని చెప్పెయ్యి. ఆ ముక్కు మనదే, చూసినవాళ్ళెవరూ కాదనరు. నువ్వు అక్కడి పౌరురాలివి. నీ కూతురైతే ఇంక శరణేమిటి, విచారణేమిటి? ఒక్క మాటతో తేలిపోయేదానికి ఇన్ని తిప్పలా? నీకు ఆలోచన ఎక్కువ, చెల్లాయ్. చిన్నప్పుడు పెన్సిల్ కొనడానికి ఊళ్ళో దుకాణాలన్నీ తిరిగి, చివరికి మొదటి దుకాణంలోనే కొనేదానివి.

మేము వదిన తమ్ముడి ఇంట్లోనే ఉన్నాం. ధాన్యపు గదిలో బస్తాలు ఒక పక్క, మేము ఒక పక్క. బడికి తాళం పడింది. బావమరిది పిల్లలకి లెక్కలు చెబుతున్నాను. వాళ్ళు నన్ను చూస్తే బస్తాల వెనక దాక్కుంటున్నారు, అంటే చదువు సాగుతున్నట్టే.

వదిన అడగమంది: పిల్ల తలకి నూనె పెట్టనిస్తోందా అని. "మీ చెల్లికి జడ వెయ్యడం ఏమొచ్చు, మొక్కలకి చీటీలు కట్టడం తప్ప" అని కూడా అంది. రాయొద్దంది. రాశాను.

మీ అన్నయ్య


ఫిబ్రవరి 15

అన్నయ్యకు,

వదినకి చెప్పు, నాకు జడ వెయ్యడం వచ్చు. వేయించుకునేవాళ్ళే లేరు.

నీ సలహా వకీలమ్మకి చెప్పలేదు. చెప్పడానికి సిగ్గేసింది. పిల్లని నా కూతురంటే ఆ అబద్ధం ఏదో ఒక రోజు బయటపడుతుంది, ఆ రోజు ఆమె చెప్పిన నిజాలన్నీ దానితోపాటు మునిగిపోతాయి. నేను తడుముకోకుండా 'కాదు' అనగలిగిన కొద్ది విషయాల్లో ఇదొకటి. కాదు.

వకీలమ్మ ఆఫీసు ఒక చెప్పులు కుట్టే దుకాణం మీద. మెట్లన్నీ జిగురు వాసన. ఆమె మనిషి చిన్నది, గొంతు పెద్దది. నాకు ఓపిగ్గా చెప్పింది. తండ్రి కారణంగా వచ్చినంత మాత్రాన పిల్ల అర్జీ తండ్రి కథకి తోక కాదట. ఆమె భయం ఆమెది, దాన్ని విడిగా వినాలి. తారీకులు చెప్పలేకపోయినా, ముందువెనకలు కలిసిపోయినా తప్పు పట్టకూడదు, పెద్దవాళ్ళని తూచే కాటాతో పిల్లని తూచకూడదు. ఎటూ తేలని చోట మొగ్గు పిల్లవైపే ఉండాలి. నీ పాఠం వింటే, అన్నయ్యా, అందులో ఉన్నదంతా నువ్వే. నిన్ను బెదిరించారు, నీ బడి మూయించారు. పిల్ల చివరి వాక్యంలో బస్సెక్కుతుంది.

"తండ్రి కథ విన్నాను, మరి పిల్ల కథ ఏది?" అంది వకీలమ్మ.

నిన్న పిల్లని ఒంటరిగా కూచోబెట్టి మాట్లాడింది. నన్ను బయట ఉండమంది. జిగురు వాసనలో మెట్లమీద కూచున్నాను, కింద సుత్తి చప్పుడు వింటూ. చాలాసేపటికి పిల్ల వచ్చింది. ఇంటికొచ్చి అన్నం రెండోసారి పెట్టించుకుంది. ఏం చెప్పిందని వకీలమ్మని అడిగితే, "పిల్ల సరేననకుండా మీకు కూడా చెప్పకూడదండీ. కన్నతండ్రి వచ్చి అడిగినా అంతే" అంది.

అప్పటినుంచి నాకు నిద్ర సరిగ్గా లేదు. పాఠం మళ్ళీ మళ్ళీ గుర్తు చేసుకుంటున్నాను. పరీక్షలు అయిపోయాయి అంటుంది, వెంటనే వానలు మొదలయ్యాయి అంటుంది. మధ్యలో వేసవి ఏమైంది? నీకు తెలిసింది ఏమైనా ఉందా? లేదా నేనే లేనిపోనిది ఊహిస్తున్నానా?

దీనితో ఒక కాగితం పెట్టాను. రెండో విచారణ నాటికి పిల్లకి ఒక సంరక్షకురాలు ఉండాలి. నన్ను ఉండనివ్వడానికి నువ్వూ వదినా సంతకాలు చేసి పంపండి.

నీ చెల్లి


మార్చి 4

చెల్లాయికి,

కాగితం అందింది. సంతకం చెయ్యలేదు.

పిల్లని గదిలో పెట్టి తలుపు వేసి, బయట మేనత్తని కూచోబెట్టి, లోపల ఏం మాట్లాడారో తండ్రికి చెప్పకూడదనే చట్టం ఏం చట్టం? కూతురిచేత తండ్రిమీద చాడీలు చెప్పించడానికా? నేను కొట్టానని చెప్పిందా, తిండి పెట్టలేదని చెప్పిందా? ఆ వకీలమ్మకి కావలసింది అదేనా? పిల్ల బంగారం లాంటి పాఠం నేర్చుకుని వచ్చింది, మీరందరూ కలిసి దాన్ని చెడగొడుతున్నారు.

నువ్వు నన్ను 'తెలిసింది ఏమైనా ఉందా' అని అడుగుతావా? ఉంటే ఉంది, లేకపోతే లేదు. దాని జోలికి పోవద్దు. పాఠంలో లేనిదాన్ని తవ్వావో, నీ చేతులతో నువ్వే పిల్లని వెనక్కి పంపిన దానివవుతావు. ఇంతకంటే కాగితం మీద రాయను.

ఇంకోటి. ఆ కాగితం చూసి వదిన కూలబడిపోయింది. సంరక్షకురాలు అంటే ఏమిటి, దత్తతేగా? "కడుపున పుట్టినవాళ్ళు లేరు కాబట్టి మన పిల్లని కాగితం రాయించుకుంటోంది మీ చెల్లెలు" అంది. నేను కాదనలేదు. నువ్వే కాదని చెప్పు.

పిల్లని అక్కడే ఉన్న మా తోడల్లుడి అన్నగారింటికి పంపించు. ఆయన ఇంత చదువుకోలేదు, ఇన్ని ప్రశ్నలూ వెయ్యడు.

మీ అన్నయ్య


మార్చి 21

అన్నయ్యకు,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు కాలేజీకి వెళ్ళలేదు. వదిన మాట గుచ్చుకుంది. గుచ్చుకున్నది నిజమైనందుకా, కానందుకా అని చాలాసేపు ఆలోచించాను. ఈ పిల్ల బూట్ల చప్పుడు మెట్లమీద వినిపిస్తే నాకు సంతోషంగా ఉంటుంది. అది దాచను. కానీ సంరక్షకురాలంటే దత్తత కాదు. విచారణ గదిలో పెద్ద దిక్కుగా కూచోవడం, ఆమెకి మేలు జరుగుతోందా లేదా అని చూడటం, తీర్పు వచ్చాక పక్కకి తప్పుకోవడం. అమ్మ అమ్మే, నాన్న నాన్నే. వదినకి ఈ వరస బిగ్గరగా చదివి వినిపించు.

తోడల్లుడి అన్నగారింటికి పంపను.

ఇప్పుడు మిగతాది. కూచుని చదువు.

పోయిన ఆదివారం ఇద్దరం దుప్పటి మడతపెడుతున్నాం. రెండు కొసలు ఆమె చేతుల్లో, రెండు నా చేతుల్లో. కొసలు కలపడానికి దగ్గరికి వచ్చి, "అత్తా, నువ్వు నాన్నకి రాస్తున్నావుగా, ఒక్కటి రాయి. నేను మోసింది దాచనని రాయి" అంది. ఏం మోశావని నేను అడగలేదు. తనే చెప్పింది. దుప్పటి మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టి. తను ఒప్పుకున్నంతే నీకు రాస్తున్నాను.

బడి దారిలో వాళ్ళు ఎత్తుకెళ్ళింది ఆమెని. కొండమీదకి తూటాల పెట్టెలు నెత్తిన పెట్టి మోయించారు, వంట చేయించారు. అందుకే నడినెత్తి ముట్టుకోనివ్వదు. తప్పించుకుని వచ్చింది. ఆ తర్వాత మీ గుమ్మంలోకి వాళ్ళు వచ్చింది నీకోసం కాదు. ఆమె పేరు పెట్టి పిలిచారు.

"ఆ ముక్క నాన్న తీసేశారు" అంది. కోపంగా అనలేదు. నువ్వు లెక్కలో తప్పు కొట్టేస్తే ఎలా అంటుందో అలా అంది.

నేను ఇన్నాళ్ళూ నీకు తెలియదనుకున్నాను. నువ్వేమో నాకు తెలియకూడదనుకున్నావు. తుపాకీవాళ్ళ పెట్టెలు మోసిందని తెలిస్తే వాళ్ళలో ఒకత్తె అని ముద్ర వేసి పంపేస్తారని నీ భయం. చాడీల భయం కాదు నీది, అంతా అటువైపు తిప్పి రాశావు. నేనూ నమ్మేశాను.

నీ భయం వకీలమ్మ ముందు పెట్టాను. పిల్ల సరేనన్నాకే. ఆమె అంది: "బలవంతాన పట్టుకుపోయిన పిల్ల మోసిన బరువు ఆ పిల్ల నేరం కాదు. మోయించినవాళ్ళ నేరం. ఆమెకి శరణు ఇవ్వాల్సింది ముఖ్యంగా అందుకే. పారిపోయి వచ్చింది కాబట్టి, వాళ్ళు మళ్ళీ వెతుకుతారు కాబట్టి. మీ అన్నయ్యగారు దాచింది ఈ అర్జీకి ప్రాణం." అధికారి గుచ్చి గుచ్చి అడగడా అన్నాను. "అడుగుతాడు. అనుమానించినా అనుమానిస్తాడు. నేనుంటాను కదా" అంది.

కాబట్టి ఖాయంగా గెలుస్తామని నేను రాయలేను. తప్పు చేస్తున్నానేమో అని రోజూ అనిపిస్తుంది, ఇది రాస్తుండగా కూడా. అయినా చేస్తున్నాను. నీ సంతకం రాకపోయేసరికి వకీలమ్మ కోర్టుకి వెళ్ళింది. న్యాయమూర్తి సంతకం కోసం ఆగలేదు. పిల్లనే పిలిచి, "నీ పక్కన ఎవరుండాలి?" అని అడిగాడు. "మా అత్త" అంది. తాత్కాలికంగా నన్ను నియమించారు. విచారణ వచ్చే నెల్లో. నువ్వు ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా తీసుకెళ్తాను. నువ్వు ఒప్పుకుంటే ఆమె నడక వేరుగా ఉంటుంది, అంతే తేడా. ఆ తేడా చిన్నది కాదు.

నీ చెల్లి


ఏప్రిల్ 6

చెల్లీ,

నీ ఉత్తరం ధాన్యపు గదిలో తలుపు వేసుకుని చదివాను. తర్వాత వదినకి చదివాను. సంతకాలు పెట్టిన కాగితం దీనితో ఉంది. ఆలస్యమైనా దగ్గర పెట్టుకో.

పాఠం గురించి ఒక్కటి చెప్పాలి. అది మీరనుకుంటున్నట్టు విచారణ కోసం పుట్టలేదు.

కొండ దిగి వచ్చాక పిల్ల మాట్లాడలేదు. ఆకలంటే చెయ్యి చూపించేది. వాళ్ళమ్మ ఒళ్ళో పడుకోబెట్టుకుని ఎంత అడిగినా పెదవి కదల్లేదు. నాకు తెలిసిన విద్య ఒక్కటే, బడిపంతుల్ని. ఒకరోజు ఎదురుగా కూచుని, "నా వెనకాల అను" అన్నాను. "మా నాన్నగారు పాఠశాలలో ప్రధానోపాధ్యాయులు." అనలేదు. మర్నాడు మళ్ళీ. ఎన్నాళ్ళకో పెదవులు కదిలాయి. తర్వాత గొంతు వచ్చింది. ఆ వాక్యం వదిన వంటింట్లోంచి విని చేతిలో గిన్నె వదిలేసింది. రోజుకి ఒక వాక్యం కలిపాను. ఆమె ఆగిపోయే చోటు ఒకటి ఉండేది. అక్కడికి వస్తే మళ్ళీ మూగబోయేది. అందుకని ఆ చోటు తీసేసి అటూ ఇటూ కలిపి కుట్టేశాను. భయం కూడా ఉంది, నువ్వు రాసిందే. కాదనను. కానీ దానికంటే ముందు ఆమె మూగతనం ఉంది.

ఆ పాఠం పట్టుకుని ఆమె మాటల్లోకి తిరిగొచ్చింది. అందుకే మార్చొద్దన్నాను. మారిస్తే మాట పోతుందేమోనని.

నీకు మామూలుగా దుప్పటి మడతపెడుతూ చెప్పిందంటే, ఇక పోదు. విడిగా ఒక చీటీ పెట్టాను, పిల్లకివ్వు. 'పాఠం అయిపోయింది, ఇక నీకు తోచింది తోచినట్టు చెప్పు' అని రాశాను. విచారణలో ఏం చెప్పిందో నాకు రాయక్కర్లేదు. అడగను.

వదిన నీ గురించి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నట్టు నేను రాయాలట. నువ్వే రాయమంటే రాయనంది. "జడ రెండు పాయలుగా విడదీసి చెవుల దగ్గర నుంచి అల్లమను, నడినెత్తి తగలదు" అని మాత్రం రాయమంది.

అన్నయ్య


మే 19

అన్నయ్యా,

వదిన చెప్పిన జడ కుదిరింది. చూడటానికి కాస్త మేకపిల్ల చెవుల్లా ఉంది, అయినా వేయించుకుంటోంది.

విచారణ జరిగింది. నీ చీటీ ముందురోజు సాయంత్రం ఇచ్చాను. చదివి, మడిచి, లంగా జేబులో పెట్టుకుంది. గదిలోకి వెళ్ళాక లేచి నిలబడుతుందేమో అని చూస్తున్నాను. కూచునే ఉంది. రంగు పెన్సిల్ ఒకటి తీసుకుని మాట్లాడినంతసేపూ వేళ్ళ మధ్య తిప్పింది. ఏం చెప్పిందో రాయొద్దన్నవి రాయను. రాయమన్నవి రెండున్నాయి.

ఒకటి. ఆమె మొదట్నుంచి మొదలుపెట్టలేదు. చివర్నుంచి ఎత్తుకుంది, మధ్యలోకి వెళ్ళింది, ఒక కుక్క గురించి చెప్పింది, మళ్ళీ వెనక్కొచ్చింది. దుబాసీ ఆయన ఆమె వెనకాల పరుగెత్తలేక చెమటలు కక్కాడు. వకీలమ్మ అడిగి మధ్యలో విరామం ఇప్పించింది. నాకు అర్థమైంది తక్కువ. అధికారి రాసుకున్నది మాత్రం ఎక్కువ.

రెండోది. "అక్కడ ఎన్నాళ్ళున్నావు?" అని అడిగాడు. మన పిల్ల "తెలీదు" అంది. అన్నయ్యా, మనింట్లో ఎవరైనా పెద్దవాళ్ళ ముందు 'తెలీదు' అన్నారా ఎప్పుడైనా? అంటే మోకాళ్ళమీద నిలబెట్టేవారు. నేను ఉలిక్కిపడి చూశాను. ఆమె తాపీగా ఉంది. కాసేపు ఆలోచించి, "పట్టుకెళ్ళినప్పుడు నా గోళ్ళన్నీ కొరికేసి ఉన్నాయి. వచ్చినప్పుడు అమ్మ కత్తిరించింది" అంది. అధికారి పెన్ను కింద పెట్టి ఆమెని చూశాడు. మళ్ళీ తీసుకుని రాశాడు.

పెట్టెల గురించీ అడిగాడు. గుచ్చి గుచ్చే అడిగాడు, వకీలమ్మ అన్నట్టు. ఒక చోట పిల్ల గొంతు ఆగింది. నువ్వు రాసిన చోటు అదేనేమో. మాట అందించాలని నాకు నాలుక దాకా వచ్చింది. సంరక్షకురాలు అందించకూడదు. కుర్చీ అంచు పట్టుకుని ఊరుకున్నాను. ఇంత కష్టమైన పని నేను ఎప్పుడూ చెయ్యలేదు. తర్వాత ఆమె తనంతట తనే చెప్పింది.

నిన్న వకీలమ్మ ఆఫీసుకి తీర్పు వచ్చింది. శరణు ఇచ్చారు. ఆమె పేరుమీద, ఆమె కారణానికి. 'బలవంతంగా తీసుకుపోబడిన బాలిక, తిరిగి వెళితే ప్రమాదం' అని రాశారు. ఆ వాక్యం దుబాసీ ఆయనచేత చెప్పించుకుని విని, "తీసుకుపోబడిన ఏమిటత్తా, ఎత్తుకుపోయారు అని రాయొచ్చుగా" అంది. నీ కూతురే, తప్పు దిద్దకుండా ఉండదు. మెట్లు దిగుతూ నేను ఏడ్చాను, ఆమె ఏడవలేదు. కింద చెప్పులు కుట్టే ఆయన నాకు తన స్టూలు ఇచ్చాడు.

వకీలమ్మ ఇంకోటి చెప్పింది. శరణు దొరికిన పిల్ల తన తల్లిదండ్రుల్ని పిలిపించుకోవడానికి అర్జీ పెట్టుకోవచ్చు. అది నేను పెట్టేది కాదు. అర్జీదారు ఆమె. మీరిద్దరూ ఆమె పిలిస్తే వచ్చేవాళ్ళు. ఎంతకాలం పడుతుందో, ఏమేం అడుగుతారో, ఎక్కడ అడ్డుపడతారో నాకు తెలియదు. పడ్డ ప్రతి అడ్డూ తొలగించుకుంటూ పోవడమే. వకీలమ్మ మళ్ళీ కలవడానికి సోమవారం రమ్మంది.

ఇంటికొచ్చాక పిల్లతో అన్నాను, "విచారణలో ఏం చెప్పావో నాన్న అడగనన్నారే" అని.

బూట్లు విప్పుకుంటోంది. తల ఎత్తకుండానే అంది:

"అడగమను. ఇక్కడికొచ్చి అడగమను."

నీ చెల్లి